చీటీ మీద అమ్మ పేరు

ఆ కళా ప్రదర్శన ఆఖరి గదికి చేరేసరికి కాళ్లు లాగుతున్నాయి. అక్కడ ఒక పొడవాటి బల్ల, దాని మీద చీటీల కట్టలు, నాలుగైదు పెన్నులు. గది నిండా ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన ఎర్ర దారాలు. మీరు కోల్పోయినవారి పేరు రాసి దారానికి కట్టండి అని ఒక పలక. నాకు ఇలాంటివి పెద్దగా పడవు. నలుగురిలో కంటతడి పెట్టించే ఏర్పాట్లంటే ఒళ్లు కాస్త బిగుసుకుంటుంది. అయినా చెయ్యి దానంతటదే పెన్ను తీసుకుంది. ఉత్త పేరు రాస్తే చాలా, ఇంటిపేరు కూడా కావాలా అని కాసేపు తటపటాయించి, చివరికి అమ్మ పూర్తి పేరు రాశాను, ఏదో దరఖాస్తు నింపుతున్నట్టు. ముడి సరిగ్గా పడలేదు. విప్పి రెండోసారి వేశాను.

బయటికి వస్తూ, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న కుర్రాణ్ణి ఊరికే అడిగాను, ఇవన్నీ తర్వాత ఏం చేస్తారని.

"వారానికోసారి తీసేస్తామండి. కొత్తవాళ్లు కట్టాలంటే చోటుండాలి కదా."

తీసి?

"సంచుల్లో వేసి లోపల పెడతాం. ప్రదర్శన అయిపోయాక మరి... నాకు తెలీదండి."

ఆ అబ్బాయి తప్పేం లేదు. తెలిసింది చెప్పాడు. కానీ అప్పటిదాకా ఐదు గదులు తిరిగి, అక్కడక్కడా నిజంగానే గొంతు పట్టేసి, బాగుంది బాగుంది అనుకుంటూ వచ్చినదాన్ని, ఒక్కసారిగా వెనక్కి తిరిగి మొదటి గది నుంచి మళ్లీ చూడాల్సి వచ్చింది. ఈ వ్యాసం ఆ రెండో చూపు గురించి.

పన్నెండుమంది కళాకారులు కలిసి చేసిన ప్రదర్శన అది. జ్ఞాపకం, కోల్పోవడం, అనుబంధం. ఈ మూడు మాటలూ ద్వారం దగ్గర మనిషెత్తు అక్షరాల్లో ఉన్నాయి. ఈమధ్య ఎక్కడ సమకాలీన కళా ప్రదర్శన పెట్టినా ఈ మూటలోంచి కనీసం రెండు మాటలు తప్పకుండా కనిపిస్తున్నాయి. ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎవర్నీ నొప్పించదు, అందరికీ ఎవరో ఒకరు పోయే ఉంటారు. ప్రదర్శన కూర్చే క్యూరేటర్‌కి ఇంతకంటే నిశ్చింతైన విషయం ఇంకోటి ఉండదనుకుంటా.

రెండో గదిలో ఒక కళాకారిణి వాళ్లమ్మ కళ్లజోళ్లు పెట్టింది. ఆరు జతలు, పవర్ పెరిగిన వరసలో, మన కంటి ఎత్తుకి స్టాండ్ల మీద. ఒక్కోదాంట్లోంచి తొంగి చూడొచ్చు. మొదటి జతలోంచి ఎదురు గోడ మామూలుగానే ఉంది. మూడోదాంట్లో గోడ మీది అక్షరాలు పక్కకి ఒరిగాయి. ఆరో జత దగ్గర గోడా లేదు, అక్షరాలూ లేవు, మంచు కమ్మినట్టు ఒక తెలుపు. ఆ జత ముక్కు దగ్గరి ప్లాస్టిక్ పసుపు పచ్చగా మారి ఉంది. చెవి వెనక వంపు దగ్గర ఎవరో దారం చుట్టి పెట్టారు, రాసుకోకుండా కాబోలు. నేను ఆ దారం దగ్గర ఆగిపోయాను. కళ ఎక్కడుందో నాకు తెలీదు గానీ మనిషి మాత్రం ఆ దారం చుట్టలోనే ఉంది.

దాని పక్క గోడకే ఫొటోలు. బలవంతంగా ఖాళీ చేయించిన ఒక ఊళ్లోని ఇళ్ల గుమ్మాలు. తలుపుల్లేవు, కొన్నిటికి గోడలు కూడా లేవు, ద్వారబంధం మాత్రం నిలబడి ఉంది. మంచి ఫొటోలు. రెండింటికీ కలిపి ఒకటే పరిచయం రాశారు. కాలం మన నుంచి తీసుకెళ్లిపోయేవాటిని ఈ ఇద్దరూ పదిలపరుస్తున్నారు అన్న అర్థంలో.

మొదటిసారి చదివినప్పుడు తలూపాను. రెండోసారి చదివితే చిర్రెత్తుకొచ్చింది. ఆ కళ్లజోళ్లావిడని కాలం తీసుకెళ్లింది, ఒప్పుకుంటాను. ఆ ఇళ్లని కాలం ఎక్కడ తీసుకెళ్లింది? కాలానికి బుల్డోజర్ ఉండదు. ఎవరో కాగితం మీద సంతకం పెట్టారు, ఎవరో తేదీ చెప్పారు, ఎవరో వచ్చి తలుపులు ఊడదీశారు.

మనం రోజూ మాట్లాడే మాటల్లో ఈ తేడా చాలా స్పష్టంగా ఉంది. పరువు పోయింది అంటాం. పరువు పోగొట్టుకున్నాడు అంటాం. పరువు పోగొట్టారు అంటాం. పరువు ఒక్కటే, పోయిన దారులు మూడు. మొదటిదాంట్లో చేసినవాడు లేడు. రెండోదాంట్లో చేసింది తనే. మూడోదాంట్లో ఎవరో ఉన్నారు, అడిగితే పేరు కూడా చెప్పగలం. చదువు రానివాళ్లు కూడా ఈ మూడింటినీ ఒకదాని బదులు ఇంకొకటి వాడరు. మరి ఇంత చదువుకున్నవాళ్లు పెట్టిన ప్రదర్శనలో 'కోల్పోవడం' అన్న ఒకే గంపలో మూడింటినీ ఎలా వేశారు?

ఇది మాటల పట్టింపు కాదు. ఈ తరహా కళలో గట్టి పనులన్నీ ఆ మూడో క్రియనే పట్టుకుని నిలబడ్డాయి. కొలంబియా కళాకారిణి డోరిస్ సాల్సెడో 1990ల తొలినాళ్లలో మొదలుపెట్టిన 'అట్రాబిలియారియోస్'లో గోడలకి చిన్న చిన్న గూళ్లు చేసి, మాయమైపోయిన మనుషుల చెప్పులూ బూట్లూ వాటిల్లో పెట్టింది. చాలావరకు ఆడవాళ్లవి. గూటి మూతకి అద్దం పెట్టలేదు. జంతువు పొర సాగదీసి, ఆపరేషన్లలో వాడే దారంతో గోడకే కుట్టేసింది. లోపలి చెప్పు మసకగా, ఉందా లేదా అన్నట్టు కనిపిస్తుంది. ఆ మనుషులు 'పోలేదు', వాళ్లని మాయం చేశారు. కుట్లు చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కుట్టు పడిందంటే అంతకుముందు కోత పడినట్టే కదా.

ఆమే 2007లో లండన్‌లోని టేట్ మోడర్న్ హాల్లో నేలని 167 మీటర్ల పొడవున చీల్చింది. ప్రదర్శన అయ్యాక ఆ చీలికని పూడ్చారు. కానీ పూడ్చిన గీత ఆ నేల మీద ఇప్పటికీ తెలుస్తుంది. మచ్చనీ 'గుర్తు' అంటాం, జ్ఞాపకం ఉండటాన్నీ 'గుర్తుంది' అంటాం. ఆ హాల్లో నడిచేవాళ్లకి తెలుగొస్తే ఆ గీత గురించి పేజీలు రాయక్కర్లేదు.

చైనాలో 2008 మే 12న సిచువాన్ భూకంపం వచ్చింది. భూకంపం ప్రకృతి, నిజమే. పక్క భవనాలు నిలబడి బడులు మాత్రమే కూలిన చోట్ల ఆ మాట సరిపోదు. కళాకారుడు ఐ వైవై, అతనితో కలిసిన పౌరులు ఊరూరా తిరిగి చనిపోయిన పిల్లల పేర్లు సేకరించారు. ఐదు వేలకు పైగా తేలాయి. 2009లో మ్యూనిక్‌లోని హౌస్ డెర్ కున్‌స్ట్ భవనం ముఖాన అతను 9,000 బడి సంచులు కట్టి ఒక వాక్యం రాశాడు. తన పాప ఈ లోకంలో ఏడేళ్లు సంతోషంగా బతికిందని ఒక తల్లి అన్న మాట అది. దూరం నుంచి రంగుల పోస్టరు లాగా ఉంటుంది. అదే వ్యవహారంలో ఒక ఉద్యమకారుడి తరఫున సాక్ష్యం చెప్పడానికి వెళ్లినప్పుడు ఐ వైవైని పోలీసులు కొట్టారు, మ్యూనిక్‌లోనే అతని తలకి ఆపరేషన్ అయింది. ఆ సంచులని మా గ్యాలరీ రెండో గదిలో వేలాడదీసి ఉంటే, కాలం తీసుకెళ్లిన బాల్యం అని రాసేవాళ్లేమో! అతిగా అంటున్నానా? అనుకోను.

ఎందుకంటే ఇలాంటిది నిజంగానే జరిగింది. ఫెలిక్స్ గొంజాలెస్-టోరెస్ 1991లో చేసిన ఒక పని ఉంది. గది మూలలో రంగు కాగితాల్లో చుట్టిన మిఠాయి బిళ్లల కుప్ప. కుప్ప ఉండాల్సిన బరువు 175 పౌండ్లు, అంటే 79 కిలోల పైచిలుకు. అతని సహచరుడు రాస్ ఎయిడ్స్‌తో ఆ ఏడాదే చనిపోయాడు, ఆ కుప్ప రాస్‌కి రూపం. వచ్చినవాళ్లు ఎవరైనా బిళ్ల తీసుకోవచ్చు. కుప్ప తరుగుతుంది, మళ్లీ నింపొచ్చు. ఎయిడ్స్ మీద అమెరికా ప్రభుత్వం ఏళ్ల తరబడి నోరు మెదపలేదన్న కోపం ఆ రోజుల్లో ఎంత మండుతుండేదో తెలిస్తే ఆ కుప్ప ఒకలా కనిపిస్తుంది, తెలియకపోతే పిల్లలు మురిసిపోయే రంగుల మూల. ఈ పని షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. 2022లో అక్కడ లేబుల్ మారింది. కొత్త లేబుల్లో రాస్ లేడు, ఎయిడ్స్ లేదు, సగటు మనిషి బరువు గురించి ఏదో ఉంది. చూసినవాళ్లు గొడవ చేశాక మళ్లీ మార్చారు. బిళ్లలు అవే, బరువు అదే, మూల అదే. నాలుగు వాక్యాలు మారితే ఒక మనిషి రెండోసారి పోయాడు. లేదు, తప్పు రాశాను. పోగొట్టారు.

ఇక్కడ నాకే ఎదురు తిరిగే ఉదాహరణ ఒకటుంది, దాచడం న్యాయం కాదు. క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ 2010లో పారిస్‌లోని గ్రాన్ పలే హాలు నేలంతా పాత బట్టలు పరిచాడు, ఒక చోట కొండలా పోశాడు. క్రేన్ కొక్కెం వచ్చి కొన్నిటిని ఎత్తుతుంది, వదిలేస్తుంది. పేర్లు లేవు, ఎవరు చేశారో లేదు. దాని పేరు 'పెర్సోన్'. ఫ్రెంచిలో ఆ మాటకి మనిషి అనీ అర్థం, ఎవరూ కాదు అనీ అర్థం. అంటే పేరు చెప్పకపోవడం కూడా ఒక పద్ధతే. కానీ అక్కడ పేరు లేకపోవడమే విషయం. మన ప్రదర్శనలో పేరు లేకపోవడం మర్యాద కోసం. రెంటికీ పోలికేంటి?

నాతో వచ్చిన స్నేహితురాలికి నా గొడవ నచ్చలేదు. దారిలో అంది: "నువ్వు మీ అమ్మ కోసం ఏడవడానికి వచ్చావు. కళ్లజోళ్ల దగ్గర కరిగావు కాబట్టే పక్కనున్న గుమ్మాల ముందు ఆగావు. ఆ ఫొటోలే విడిగా ఇంకెక్కడో పెట్టుంటే వచ్చేదానివా?"

వచ్చేదాన్ని కాదు. అందుకే ఆమెకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నలుగురివీ కలిపి పెట్టడంలో ఉన్న బలం అదే. ఒక దుఃఖం చెయ్యి పట్టుకుని ఇంకో దుఃఖం దగ్గరికి తీసుకెళ్తుంది. పక్కపక్కన పెట్టడం మీద నాకు కోపం లేదు. పక్కన పెట్టి, మధ్యలో తేడా చెరిపేయడం మీద.

పక్కపక్కన పెట్టడానికి కారణం ఉండాలి. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల పేర్ల గోడ 1982లో కట్టారు. డిజైన్ పోటీ గెలిచేనాటికి మాయా లిన్ 21 ఏళ్ల విద్యార్థిని. నల్లరాతి మీద 58,000కి పైగా పేర్లు. అక్షర క్రమంలో పెడితే వెతుక్కోవడం తేలిక అన్నది మామూలు బుర్రకి తట్టే ఆలోచన. ఆమె తేదీల వరసలో పెట్టించింది. ఒకే రోజు పోయినవాళ్లు గోడ మీద కూడా పక్కపక్కనే ఉంటారు. ఆ రోజు బతికి బయటపడ్డవాడు వచ్చి చూసుకుంటే తన రోజంతా ఒక చోటే దొరుకుతుంది. పక్కనుండటం అంటే అదీ. మా రెండో గదిలో కళ్లజోళ్లూ గుమ్మాలూ పక్కన ఎందుకున్నాయంటే, రెండూ 'కోల్పోవడం' కాబట్టి. అంతే.

ఇంత చెప్పాక అమ్మ డైరీ గురించి చెప్పకపోతే నా వాదన నాకే ఏకపక్షంగా అనిపిస్తుంది. అమ్మ ఫోన్ నంబర్లన్నీ ఒక చిన్న డైరీలో రాసుకునేది. సెల్‌ఫోన్ వచ్చాక కూడా. పోయినవాళ్ల నంబరు కొట్టేసేది కాదు. పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టేది. ఎందుకమ్మా అంటే, ఆ నంబరు కంపెనీవాళ్లు ఇంకెవరికో ఇచ్చేస్తారు, మర్చిపోయి చేస్తామేమోనని, అంది. అంతకు మించి ఏమీ లేదు. ఆమె పోయాక డైరీ తిరగేస్తే సున్నాలు చాలానే ఉన్నాయి, చివరి పేజీల్లో మరీ ఎక్కువ. ఒక పేరు దగ్గర ఆగాను. ఆయన బతికే ఉన్నాడు! ఎప్పుడో మాటామాటా పెరిగి రాకపోకలు తెగిపోయాయి, అంతే. ఆయనకీ సున్నా చుట్టింది.

అంటే అమ్మ కూడా మా క్యూరేటర్ లాగే అందరినీ ఒకే గుర్తు కింద వేసింది. కాకపోతే ఏ సున్నా చావు, ఏ సున్నా అలక అన్నది ఆమెకి తెలుసు. అడిగితే సంవత్సరంతో సహా చెప్పేది. ఇప్పుడు డైరీ నా దగ్గరుంది, సున్నాలున్నాయి, వాటి కథలు సగం నాకు తెలీవు. పరిచయ పలక రాయాల్సిన మనిషే పోయింది. గ్యాలరీల్లో జరిగేది ఇది కాదు. అక్కడ చెప్పాల్సినవాళ్లు బతికే ఉన్నారు, పలక రాయడానికి చోటుంది, రాయడానికి జీతం కూడా తీసుకుంటారు.

అన్నిసార్లూ చెప్పి తీరాలని కూడా కాదు. జరీనా హష్మీ 2004లో చేసిన 'లెటర్స్ ఫ్రమ్ హోమ్' ముద్రణలు నేను పుస్తకంలోనే చూశాను. అలీగఢ్‌లో పుట్టిన జరీనా బతుకంతా దేశాలు తిరిగింది. పాకిస్తాన్‌లో ఉన్న అక్క రాణి ఆమెకి ఉర్దూలో ఉత్తరాలు రాసి, పోస్టు చెయ్యకుండా దాచి, ఎప్పటికో చేతికిచ్చింది. అమ్మానాన్నలు పోవడం, ఇల్లు అమ్మేయడం, అన్నీ వాటిల్లోనే. ఆ చేతిరాత మీద జరీనా ఇళ్ల ప్లాన్లూ పటాలూ నల్లగా అచ్చువేసింది. నాకు ఉర్దూ చదవడం రాదు. ఆ పేజీ ముందు నేను ఎప్పుడూ బయటిదాన్నే. తల్లి చావు 'పోయింది', దేశం రెండుగా చీలడం 'పోగొట్టారు', ఉత్తరం పోస్టు చెయ్యకపోవడం బహుశా 'పోగొట్టుకుంది'. మూడూ ఒకే కాగితం మీద ఉన్నాయి, ఒకదాన్నొకటి కప్పేయకుండా. అర్థమైపోయిందని అనిపించనివ్వదు, అందుకే అది ఇంకా బుర్రలో తిరుగుతోంది.

మూడో మాటకి వస్తాను. అనుబంధం. నిజం చెప్పాలంటే నా చిరాకంతా దీని మీదే మొదలైంది. మొదటి రెండు మాటలు బరువుగా ఉన్నాయని, చూసేవాళ్లు దిగులుగా ఇంటికి పోకూడదని, చివర్లో తగిలించే మాట. ఎర్ర దారాల గది అందుకే. అందరం ఒకే దారానికి చీటీలు కట్టాం కాబట్టి అందరం ఒకటే. ఫొటోల్లో చాలా అందంగా వస్తుంది. నేనున్న పది నిమిషాల్లో నలుగురు ఫొటోలు దిగారు. వాళ్లని తప్పుపట్టను, గది అడిగిందే అది.

నేను చదివి తెలుసుకున్న పనుల్లో బంధం ఎప్పుడూ అనుభూతి కాదు, చాకిరీ. సాంగ్ డాంగ్ అనే చైనా కళాకారుడి తండ్రి 2002లో పోయాడు. తల్లి జావో షియాంగ్‌యువాన్ దిగులుతో ఇల్లంతా పాత వస్తువులతో నింపేసింది. దేన్నీ పారెయ్యనివ్వదు. కొడుకు ఆమెతో వాదించడం మానేసి 2005లో ఆ వస్తువులన్నీ ప్రదర్శనకి పెట్టాడు. పదివేలకు పైగా ఉన్నాయి: ఖాళీ సీసాలు, సబ్బు ముక్కలు, బట్ట పేలికలు, చెప్పులు. వాటిని విడదీసి సర్దింది తల్లే. వచ్చినవాళ్లకి ఇది ఎప్పటిది, ఎందుకు దాచాను అని చెప్పుకుంది. అక్కడ అనుబంధం అన్న మాట ఎవరూ గోడ మీద రాయక్కర్లేదు. తల్లే సీసాలు సర్దింది కదా.

ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర కుట్టిన బొంత, ఎయిడ్స్ క్విల్ట్ కూడా అంతే. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు 1,920 గుడ్డలు. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, దాదాపు ఒక సమాధి కొలత. పోయినవాళ్ల స్నేహితులు, ఇంటివాళ్లు కుట్టినవి. ఇప్పుడు దాదాపు 50,000 ఉన్నాయి, వాటిని మడతపెట్టేవాళ్లు, చిరిగితే బాగుచేసేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో ప్రపంచంలో ఇంతకంటే పెద్ద సామూహిక కళా ప్రదర్శన లేదు, కుట్టినవాళ్లలో చాలామంది తమని కళాకారులనుకోకపోయినా.

ఇక నా చీటీ సంగతి. యోకో ఓనో 1996 నుంచి దేశదేశాల్లో చెట్లు పెట్టించి, కోరిక రాసి కొమ్మకి కట్టమని అడుగుతోంది. మా దారాల గదికి అదే మూలం అయ్యుండొచ్చు. కానీ ఆమె ఆ కాగితాలని పారెయ్యలేదు. పది లక్షలకు పైగా కోరికలు పోగై, ఐస్‌లాండ్‌లో 2007లో ఆమె వెలిగించిన వెలుగు స్తంభం దగ్గరికి చేరాయి. వియత్నాం గోడ దగ్గర జనం వదిలేసి వెళ్లిన వస్తువులు నాలుగు లక్షలకు పైనే. ఉత్తరాలు, బూట్లు, పతకాలు. అక్కడ వదలమని ఎవరూ అడగలేదు. అయినా నేషనల్ పార్క్ సర్వీస్ వాటిని ఏరి దాస్తోంది. అడగనివాళ్లు దాస్తున్నారు, అడిగినవాళ్లు సంచుల్లో వేస్తున్నారు.

చోటు చాలదన్న మాట నాకు అర్థంకాక కాదు. కానీ అది ముందే తెలుసు కదా. పలక మీద ఇంకో వాక్యం రాసి ఉంటే సరిపోయేది: వారం తర్వాత తీసేస్తాం అని. అప్పుడు నేను రాసేదాన్నో కాదో నాకు తెలిసుండేది. ఇంటిపేరైతే రాసేదాన్ని కాదు.

పది రోజులయ్యాక మళ్లీ వెళ్లాను. దారాల మీద అన్నీ కొత్త చీటీలు. ఆ కుర్రాడు గుర్తుపట్టాడు. విషయం చెబితే కాస్త నసిగి, లోపలికి తీసుకెళ్లాడు. నిచ్చెనలు, రంగు డబ్బాల మధ్య మూడు సంచులు. వెతుక్కోండి, తొందరగా అన్నాడు. కింద కూర్చుని ఒక సంచి ఒళ్లో పెట్టుకున్నాను. ఎవరెవరివో పేర్లు. ఒకదాని మీద రెండు పేర్లు రాసి ఒకటి కొట్టేసి ఉంది. ఇంకోదాని మీద పేరు లేదు, పది అంకెల ఫోన్ నంబరు మాత్రం ఉంది. ఒకటి తెల్లగా ఉంది, మడత మాత్రం జాగ్రత్తగా పెట్టారు. అమ్మ చీటీ దొరకలేదు. రెండో సంచి సగంలో ఉండగా అతన్ని ఎవరో పిలిచారు, నేను లేవాల్సి వచ్చింది. సంచి మూతి కట్టడానికి తాడు కోసం అటూ ఇటూ చూసి, చీటీల్లో చిక్కుకుని ఉన్న ఎర్ర దారం ముక్క ఒకటి లాగి కట్టేశాడు. అతనికి ముడి ఒక్కసారికే పడింది.